గంజాయి: అంగడీ వద్దు, చెరసాలా వద్దు

(జూన్ 26, మాదకద్రవ్య దురుపయోగ వ్యతిరేక దినం సందర్భంగా జరిగిన మొహల్లా కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)





నిర్వాహకులు మాకు అప్పగించిన అంశం ఇది: గంజాయిని చట్టబద్ధం చేయవచ్చునా? చేస్తే సమాజం మీద దాని ప్రభావం ఎలా ఉంటుంది? ఈ ప్రశ్న వినగానే మనలో చాలామందికి తోచే జవాబు ఒక్కటే: హరామ్ అయిన వస్తువు గురించి చర్చ ఎందుకు? ఆ జవాబు సరైనదే. అయితే అది ఒక ముస్లిం ఏమి తినాలి, ఏమి తాగాలి అన్న ప్రశ్నకు జవాబు. రాజ్యం ఎవరిని అరెస్టు చేయాలి, ఎవరిని ఆసుపత్రికి పంపాలి, ఎవరికి వ్యాపారం చేసుకునే లైసెన్సు ఇవ్వాలి అన్నది మరొక ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నకు మనం జవాబు వెతకకపోతే, మన తరఫున మరెవరో చెబుతారు. ఆ జవాబు భారం మాత్రం మన బస్తీల మీదనే పడుతుంది.

అందువల్ల ముందుగా మూడు మాటలను విడదీసి చూద్దాం. మొదటిది, చట్టబద్ధం చేయడం. అంటే మద్యం దుకాణం లాగా గంజాయి దుకాణం పెట్టడం, దాని మీద పన్ను వసూలు చేయడం. రెండవది, నేరం కాకుండా చేయడం. అంటే వస్తువు నిషేధంలోనే ఉంటుంది, అమ్మేవాడు నేరస్థుడే, కానీ దానికి అలవాటుపడినవాడిని జైలుకు పంపకుండా వైద్యం వైపు మళ్ళిస్తారు. మూడవది, వైద్యం కోసం అనుమతించడం. పత్రికలలోను, టీవీ చర్చలలోను ఈ మూడింటినీ కలగాపులగం చేసి మాట్లాడుతున్నారు. ఒకదానికి చెప్పిన వాదనను మరొకదానికి సాక్ష్యంగా చూపుతున్నారు.

నేటి చట్టం ఏమంటున్నది?

గంజాయి మన దేశానికి కొత్త కాదు. బ్రిటిష్ పాలకులు 1893-94లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ అనే సంఘాన్ని వేసి దేశమంతటా విచారణ జరిపించారు. మితంగా వాడితే పెద్ద హాని లేదని, సంపూర్ణ నిషేధం అవసరం లేదని, లైసెన్సుతోను పన్నుతోను అదుపు చేయాలని ఆ సంఘం చెప్పింది. ఆ తరువాత చాలాకాలం దేశంలోని అనేక ప్రాంతాలలో లైసెన్సు దుకాణాలలో గంజాయి అమ్మకం సాగింది. 1961లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం వైద్యానికి, పరిశోధనకు తప్ప మిగిలిన గంజాయి వాడకాన్ని 25 ఏళ్ళ లోపల ఆపివేయాలని గడువు పెట్టింది. మన పార్లమెంటు 1985లో ఎన్.డి.పి.ఎస్. చట్టం చేసింది. ఆ సంవత్సరం నవంబర్ 14 నుండి అది అమలులోకి వచ్చింది.

ఈ చట్టంలో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొనలు. వాటితో కలిసి లేనప్పుడు విత్తనాలూ ఆకులూ ఆ నిర్వచనంలోకి రావు. అందుకే కొన్ని ఉత్తరాది రాష్ట్రాలలో ఆకుతో చేసే భంగు ప్రభుత్వ లైసెన్సుతో నేటికీ అమ్ముడవుతున్నది. ఒకే మొక్కలో ఆకుకు లైసెన్సు, పూతకు జైలు. ఈ సంగతి మనవారిలో చాలామందికి తెలియదు.

శిక్షలు పరిమాణాన్ని బట్టి ఉంటాయి. గంజాయి ఒక కిలో వరకు 'స్వల్ప పరిమాణం'. దానికి సంవత్సరం వరకు కఠిన కారాగారం, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు మించితే 'వాణిజ్య పరిమాణం'. దానికి 10 నుండి 20 ఏళ్ళ శిక్ష, లక్ష నుండి 2 లక్షల వరకు జరిమానా. బెయిలు దొరకడం మిక్కిలి కష్టం. మధ్యలో ఉన్నదానికి 10 ఏళ్ళ వరకు. కేవలం సేవించినందుకు 27వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. చరస్ విషయంలో ఈ కొలతలు చాలా తక్కువ: 100 గ్రాముల వరకే స్వల్పం, కిలో మించితే వాణిజ్యం. 'కాస్తంతే కదా' అనుకునే కుర్రవాడికి ఈ తేడా తెలియదు.

చట్టబద్ధం చేయాలనేవారి వాదన

ఎదుటివారి వాదనను బలహీనపరిచి చెప్పి దానిని ఓడించడం న్యాయం కాదు. అందువల్ల వారి వాదనను దాని పూర్తి బలంతోనే వినండి.

మొదటిది: మద్యం, పొగాకు గంజాయి కంటే ఎక్కువమందిని చంపుతున్నాయి. వాటిని ప్రభుత్వమే దగ్గరుండి అమ్మిస్తున్నది. అలాంటప్పుడు గంజాయి ఒక్కదానికి జైలు ఎందుకు? రెండవది: నిషేధం వల్ల వాడకం ఆగలేదు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ కోసం ఎయిమ్స్ వైద్యులు జరిపి 2019లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం ఒక్క ఏడాది కాలంలో భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడినవారు సుమారు 3 కోట్ల 10 లక్షల మంది. వారిలో నిషిద్ధమైన గంజాయి, చరస్ వాడినవారు సుమారు 1 కోటి 30 లక్షలు. మూడవది: నిషేధం ఉన్నచోట లాభం ముఠాలకు పోతుంది. చట్టబద్ధం చేస్తే ఆ డబ్బు ఖజానాకు వస్తుంది. అమెరికాలోని కొలరాడోలో ఆ పన్నులో కొంత భాగంతో బడులు కడుతున్నారు. నాలుగవది: పోలీసుల వేధింపు తగ్గుతుంది.

ఈ నాలుగింటిలో అబద్ధమని తోసివేయదగినది ఏదీ లేదు. మద్యం విషయంలో ప్రభుత్వాల రెండు నాలుకల ధోరణి నిజమే. ముఠాల లాభం నిజమే. వేధింపు నిజమే. అయితే వ్యాధి నిజమైనంత మాత్రాన వారు రాసిన మందు సరైనదని తేలదు.

ఇతర దేశాలు ఏమి చూశాయి?

ఉరుగ్వే 2013లో చట్టం చేసి ప్రపంచంలో గంజాయిని పూర్తిగా చట్టబద్ధం చేసిన మొదటి దేశమయింది. అక్కడ ప్రకటనలు నిషిద్ధం, కొనేవారు పేరు నమోదు చేసుకోవాలి, అమ్మకం మందుల షాపుల ద్వారా, ప్రభుత్వ అదుపులో. అమెరికాలో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ప్రజలు 2012లో ఓటు వేసి అనుమతించారు. అక్కడ వచ్చింది కంపెనీల వ్యాపారం. కెనడా 2018 అక్టోబర్ 17 నుండి దేశమంతటా అనుమతించింది. జర్మనీ 2024 ఏప్రిల్ 1 నుండి పెద్దవారు 25 గ్రాముల వరకు వెంట ఉంచుకోవచ్చునన్నది. కానీ వీధి దుకాణాలకు తలుపు తెరవలేదు.

కెనడాలో చీకటి వ్యాపారం తగ్గిందనేది వాస్తవం. అరెస్టులు తగ్గాయనేది కూడా వాస్తవం. అయితే ఆ దేశ ప్రభుత్వ సర్వేలలోనే ఏడాదిలో ఒక్కసారైనా వాడామన్నవారు 2018లో 22 శాతం ఉండగా 2023 నాటికి 26 శాతం అయ్యారు. మిఠాయిల రూపంలో వచ్చిన గంజాయిని తెలియక తిని ఆసుపత్రి పాలయిన పసిపిల్లల కేసులు పెరిగాయి. వ్యాపారం చేతికి వెళ్ళిన వస్తువు మిఠాయి అవుతుంది, పానీయం అవుతుంది, నూనె అవుతుంది. మత్తు పాళ్ళు పెరుగుతూ పోతాయి. అమెరికాలో పట్టుబడిన గంజాయిలో మత్తునిచ్చే టి.హెచ్.సి. పదార్థం 1995 ప్రాంతంలో సగటున 4 శాతం. 2014 నాటికి 12 శాతం. నేటి చిక్కని సారాలలో అది 60 శాతం దాటుతున్నది. 1893 నాటి కమిషన్ చూసిన గంజాయికి, నేటి కంపెనీ అమ్మే సరుకుకు పేరు ఒక్కటే. గుణం ఒక్కటి కాదు.

ఆసియా ఖండంలో థాయ్‌లాండ్ అనుభవం మనకు మరీ దగ్గరిది. 2022 జూన్‌లో ఆ దేశం గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుండి తీసివేసింది. అదుపు చేసే పూర్తి చట్టం ఇంకా తయారు కాకముందే తలుపు తెరిచింది. చూస్తుండగానే వేలాది దుకాణాలు వెలిశాయి. మూడేళ్ళు తిరిగేసరికి, 2025 జూన్‌లో, వైద్యుని చీటీ ఉంటేనే అమ్మాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. తెరిచిన తలుపు మూయబోతే, అప్పటికే పెట్టుబడి పెట్టినవారు వీధికెక్కారు. దుకాణం తెరవడం ఒక సంతకంతో జరిగిపోతుంది. మూయడం అలా జరగదు.

మరొక ముఖ్యమైన విషయం మైనారిటీ హక్కుల కోసం పనిచేసే మనం గమనించాలి. గంజాయి వాడకం నల్లవారిలోను తెల్లవారిలోను ఇంచుమించు సమానంగా ఉన్నా, 2010లో అమెరికాలో నల్లవారు అరెస్టయ్యే అవకాశం 3.73 రెట్లు ఎక్కువని అక్కడి పౌరహక్కుల సంఘం ఎ.సి.ఎల్.యు. లెక్క తీసింది. అనేక రాష్ట్రాలు చట్టబద్ధం చేసిన తరువాత, 2018 లెక్క మళ్ళీ తీస్తే అది 3.64 రెట్లు. అరెస్టుల సంఖ్య తగ్గింది. వివక్ష మాత్రం దాదాపు ఉన్నచోటనే ఉన్నది. దుకాణం తెరిస్తే వివక్ష దానంతటదే పోతుందని మనకు చెప్పేవారికి ఇదే జవాబు.

మన సారా పాఠం

విదేశాల దాకా ఎందుకు? తెలుగు నేల మీదనే ఇంతకంటే పెద్ద పాఠం ఉన్నది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవారు సారా దుకాణాన్ని మూయించారు. రోసమ్మ వంటి సాధారణ స్త్రీల పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది ఎత్తివేయబడింది.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి. ఒకటి, మత్తు పన్నుకు అలవాటుపడిన ఖజానా కూడా ఒక వ్యసనపరుడే. ఆదాయం పోతే బండి నడవదని ప్రభుత్వాలు చెప్పడం, తల్లుల కన్నీటి కంటే రాబడి లెక్క బరువు తూగడం మనం కళ్ళారా చూశాము. గంజాయికి లైసెన్సు ఇచ్చిన రోజున ఖజానాకు మరో వ్యసనం పట్టుకుంటుంది. దుకాణాలు ధనికుల కాలనీల కంటే ముందు కూలీల బస్తీల దగ్గర వెలుస్తాయన్నది మద్యం విషయంలో మనం రోజూ చూస్తున్న సంగతే.

రెండవ పాఠం, నిషేధం చేసి ఊరుకుంటే చాలదు. తాగుడు మానలేనివారికి వైద్యం లేకుండా, సరిహద్దుల మీద నిఘా నిలకడగా లేకుండా పెట్టిన నిషేధం దొంగరవాణాకు దారి తీసింది. మానవలసినవాడికి చేయూత ఇవ్వని నిషేధం రెండేళ్ళలోనే కూలిపోయింది.

దెబ్బ ఎవరికి తగులుతున్నది?

ఇప్పుడు ఉన్న చట్టం ఎవరి మీద పడుతున్నదో చూడండి. గంజాయి పేరు చెప్పగానే ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ కళ్ళ ముందుకు వస్తుంది. 2021లో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో పోలీసులు అక్కడ వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఒకేసారి 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. అంత సరుకు పండించిన గిరిజనుడు మేడ కట్టలేదు. పెట్టుబడి పెట్టిన బయటి వ్యాపారి, కొనుగోలు చేసిన దూరపు నగరాల ముఠా సులభంగా చేతికి చిక్కవు. బస్సులో సంచి పట్టుకుని కూర్చున్న కూలివాడు చిక్కుతాడు. ఆ కొండల మీద కాఫీ, మిరియాలు పండుతాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఆ పంటకు గిట్టుబాటు ధర, రోడ్డు, అప్పు అందితేనే గంజాయి పంట పోతుంది.

ఇక నగరాలకు వద్దాం. దేశ జనాభాలో ముస్లింలు 14.2 శాతం. జాతీయ నేర గణాంకాల సంస్థ 2019 జైళ్ళ నివేదిక ప్రకారం విచారణ ఖైదీలలో ముస్లింలు 18.7 శాతం, శిక్షపడినవారిలో 16.6 శాతం. ఈ అంకెలను గమనించండి. శిక్ష పడినవారిలో కంటే, నేరం ఇంకా రుజువు కానివారిలోనే మన వాటా ఎక్కువ. ఇవి అన్ని నేరాలకూ సంబంధించిన అంకెలు. కానీ జేబు తడిమి, సంచి వెతికి పెట్టే కేసులలో ఎవరి జేబు ముందు తడుముతారో ఈ సభలో ఉన్న యువకులకు మేము చెప్పనవసరం లేదు.

2021 అక్టోబర్‌లో ముంబైలో ఒక సుప్రసిద్ధ నటుని కుమారుడిని మాదకద్రవ్యాల కేసులో అరెస్టు చేశారు. అతని దగ్గర ఏ మత్తుపదార్థమూ దొరకలేదు. అయినా దాదాపు నాలుగు వారాలు నిర్బంధంలో ఉన్నాడు. మరుసటి ఏడాది మేలో, తగిన సాక్ష్యం లేదని అతని మీద అభియోగం మోపలేదు. దేశంలోని పెద్ద వకీళ్ళు వెంట ఉన్న కుటుంబానికే ఇది జరిగింది. వెల్డింగ్ షాపులో పనిచేసే కుర్రవాడికి, మెకానిక్ కుర్రవాడికి ఏమి జరుగుతుంది? మొహల్లా కమిటీలలో పనిచేసే మాకు తెలిసినది ఇదే: స్వల్ప పరిమాణం కేసులో పట్టుబడిన కుర్రవాడి కుటుంబం బెయిలు కోసం తల్లి గాజులు అమ్ముతుంది. దళారులు చుట్టూ చేరతారు. పాస్‌పోర్టు విచారణలోను, ఉద్యోగ విచారణలోను ఆ కేసు పైకి వస్తుంది. గల్ఫ్ ప్రయాణం ఆగుతుంది. చెల్లెలి నిఖా మాట కూడా ఆగుతుంది. గంజాయి మానడానికి ఆ కుర్రవాడికి ఆరు నెలల వైద్యం చాలేది; కేసు మాత్రం ఆరేళ్ళు వెంటాడుతుంది. జైలుకు వెళ్ళినవాడు అక్కడ ఇంకా పెద్ద మత్తు అమ్మేవాడితో పరిచయం పెంచుకుని వస్తాడు.

ధర్మం చూపే దారి

మద్యం గురించి దివ్య ఖుర్ఆన్ మొదట అల్ బఖరా సూరాలో చెప్పిన విషయం ఆలోచించదగినది. అందులో ప్రజలకు కొన్ని ప్రయోజనాలు ఉన్నాయని ఖుర్ఆన్ కాదనలేదు. హాని ప్రయోజనం కంటే పెద్దదని చెప్పింది. పన్ను రాబడి వాదనకు ఇంతకంటే సూటి జవాబు లేదు. తరువాత మత్తులో నమాజుకు రావద్దన్న ఆజ్ఞ, చివరకు అల్ మాయిదా సూరాలో పూర్తి నిషేధం వచ్చాయి. మనుషుల్ని అడుగడుగునా సిద్ధం చేసి, ఆ తరువాత తలుపు మూసిన పద్ధతి అది.

ఖుర్ఆన్‌లో గంజాయి పేరు లేదు కదా అని కొందరు యువకులు అంటున్నారు. బుద్ధిని కమ్మేసేది ఏదైనా మద్యమేనని హజ్రత్ ఉమర్ (రజి) వివరించారు. హషీష్ ముస్లిం దేశాలలో వ్యాపించిన కాలంలో ఇబ్నె తైమియా దానిని గట్టిగా ఖండించారు. జర్కషీ అనే పండితుడు ప్రత్యేకంగా ఆ నిషేధం మీదనే ఒక గ్రంథం రాశారు. షరీఅత్ కాపాడదలచిన అయిదింటిలో ధర్మం, ప్రాణం, వంశం, ధనంతో పాటు బుద్ధి కూడా ఒకటి. బుద్ధి చెడితే మిగిలిన నాలుగూ నిలవవు. వైద్యులు చెప్పేదీ దీనికి దూరంగా లేదు. మెదడు ఎదుగుదల సుమారు 25 ఏళ్ళ వయసు దాకా సాగుతుంది. గంజాయి వాడేవారిలో సుమారు పదిమందికి ఒకరు దానికి బానిసలవుతారు. టీనేజీలో మొదలుపెట్టినవారిలో ఆరుగురికి ఒకరు. చిన్న వయసులో ఎక్కువగా వాడినవారిలో మతిభ్రమణ వ్యాధులు వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

అయితే ధర్మంలో మరో వైపు కూడా ఉన్నది. తాగి పట్టుబడి శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఎవరో శపించగా, దైవప్రవక్త (సఅసం) వారించారు. మీ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు సహాయపడవద్దని బోధించారు. మద్యం వ్యవహారంలో దానిని తయారుచేసేవాడిని, మోసేవాడిని, అమ్మేవాడిని, దాని సొమ్ము తినేవాడిని కూడా హదీసు తీవ్రంగా హెచ్చరించింది. తాగినవాడితోనే పాపం ఆగిపోదు. దాని గొలుసు దుకాణం వరకు పోతుంది.

ఇక్కడ ఒక పెద్దమనిషి మమ్మల్ని అడగవచ్చు: ధర్మశాస్త్రంలో తాగినవాడికి శిక్ష ఉన్నది కదా, మీరు జైలు వద్దంటున్నారేమిటి? ఉన్నది. కానీ ఆ శిక్ష ఆ రోజుతో ముగిసేది. ఆ మనిషి మళ్ళీ అదే సఫ్‌లో నిలబడి నమాజు చేసేవాడు. ఏళ్ళ తరబడి వాయిదాలు, పోలీసు రికార్డు, ఆగిపోయిన ఉద్యోగం, కూలిన కుటుంబం ఆ శిక్షలో భాగం కావు. మనిషిని సమాజంలోకి తిరిగి తెచ్చేది ఒక పద్ధతి. సమాజం నుండి శాశ్వతంగా వెలివేసేది మరో పద్ధతి.

మన నిలుపుదల

కనుక మన మాట మూడు ముక్కలలో చెబుదాం.

ఒకటి, గంజాయి వ్యాపారానికి లైసెన్సు మనకు సమ్మతం కాదు. మద్యం ఉన్నది కాబట్టి గంజాయి కూడా ఉండాలన్నది వాదన కాదు. ఒక గుంట పూడ్చలేకపోయాం కాబట్టి రెండవది తవ్వుదామనడమే. మద్యం దుకాణం ఇళ్ళ మధ్యకు వచ్చినప్పుడు కూడా మనం ఇంతే గట్టిగా మాట్లాడాలి.

రెండు, అలవాటుపడినవాడికి జైలు బదులు వైద్యం కావాలి. పోర్చుగల్ 2001 నుండి ఈ దారిలో ఉన్నది. అక్కడ మత్తుపదార్థాలన్నీ నిషిద్ధమే, అమ్మకం నేరమే. కానీ పది రోజుల వాడకానికి మించని పరిమాణంతో పట్టుబడినవాడు క్రిమినల్ కోర్టుకు వెళ్ళడు. న్యాయం, వైద్యం, సామాజిక సేవ తెలిసినవారితో కూడిన ఒక సంఘం ముందుకు వెళతాడు. దుకాణం తెరవకుండానే జైలు తలుపు మూయవచ్చునని ఆ దేశం చూపింది. మన పార్లమెంటు కూడా ఆలోచించవలసిన దారి ఇదే.

మూడు, వైద్యం కోసం, పరిశోధన కోసం అనుమతిని అడ్డుకోనవసరం లేదు. పిల్లలలో వచ్చే కొన్ని తీవ్రమైన మూర్ఛ రోగాలకు ఈ మొక్క నుండి తీసిన, మత్తు కలిగించని కెనబిడియోల్ మందును 2018లో అమెరికా ఔషధ సంస్థ ఆమోదించింది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 2020 డిసెంబర్‌లో 27-25 ఓట్ల తేడాతో గంజాయిని అత్యంత ప్రమాదకర జాబితా నుండి తీసినప్పుడు భారతదేశం కూడా అనుకూలంగా ఓటు వేసింది. అయినా అది అదుపులో ఉంచవలసిన పదార్థాల జాబితాలో కొనసాగుతున్నది. అది వైద్యానికి తెరిచిన కిటికీ మాత్రమే. అంగడికి తెరిచిన వాకిలి కాదు.

చట్టంలోనే ఉన్న తలుపులు

చట్టం మారేదాకా చేతులు కట్టుకు కూర్చోనవసరం లేదు. ఉన్న చట్టంలోనే కొన్ని తలుపులున్నాయి. ప్రతి కుటుంబం వీటిని రాసి పెట్టుకోవాలి.

64ఎ సెక్షన్: సేవించిన కేసులోను, స్వల్ప పరిమాణం కేసులోను ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో గాని వైద్యం కోరి చేయించుకుంటే అతని మీద ఆ విచారణ ఉండదు. వైద్యం మధ్యలో వదిలేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. 39వ సెక్షన్: నేరం రుజువైన తరువాత కూడా, ఇటువంటి కేసులలో కోర్టు శిక్షకు బదులుగా వైద్యానికి పంపవచ్చు. 50వ సెక్షన్: ఒంటిమీద సోదా చేసేముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉన్నదని ఆ వ్యక్తికి చెప్పాలి. ఇది ఒంటి సోదాకే వర్తిస్తుంది. చేతి సంచికి వర్తించదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. స్త్రీని స్త్రీ మాత్రమే సోదా చేయాలి. అకారణంగా, వేధించడానికి సోదా చేసిన అధికారికి 58వ సెక్షన్ కింద శిక్ష ఉన్నది. ఈ చట్టం కింద అధికారం పొందిన అధికారుల ఎదుట ఇచ్చిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. భయపెట్టి సంతకం అడిగినప్పుడు ఇది గుర్తుండాలి.

18 ఏళ్ళు నిండనివాడి కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్ళాలి. పిల్లలకు మత్తుపదార్థం ఇచ్చేవాడికి, వారిచేత మోయించేవాడికి, అమ్మించేవాడికి 2015 నాటి బాలల న్యాయ చట్టం 77, 78 సెక్షన్ల కింద 7 ఏళ్ళ వరకు శిక్ష ఉన్నది. మన వీధి పిల్లవాడి చేతికి పొట్లం ఇచ్చినవాడి మీద ఫిర్యాదు రాసేటప్పుడు ఈ సెక్షన్లను పేర్కొనండి. ఆఫీసు కాగితం మధ్య జీవితం గడిపిన మా అనుభవం ఒక్కటి చెబుతాము: నోటితో చెప్పిన మాట గాలికి పోతుంది, తేదీ వేసి, సెక్షన్ రాసి, రసీదు తీసుకున్న కాగితం ఫైలులో నిలుస్తుంది. వకీలుకు స్తోమత లేనివారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, ఫోను 15100. మత్తు మానడానికి సలహా కోసం ప్రభుత్వ ఉచిత ఫోను 14446.

ఇక మన ఇంటి పని. గంజాయి ఒక్కటే కాదు, దగ్గు మందు, నిద్ర మాత్రలు, వైట్‌నర్, గుట్కా కూడా మన పిల్లల జేబుల్లోకి వచ్చాయి. బిడ్డ నిద్ర తప్పినా, స్నేహితులు మారినా, ఇంట్లో డబ్బు కనిపించకపోయినా తండ్రి చేయి ఎత్తకముందు తల్లి మాట్లాడాలి. ఆ తరువాత ఇద్దరూ కలిసి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పరువు పోతుందని దాచిన జబ్బు చివరకు పోలీసు స్టేషన్‌లో బయటపడుతుంది. మస్జిద్ కమిటీలకు మా విన్నపం మూడు విషయాలు. జుమా ఖుత్బాలో ఈ మాట రావాలి. దూషణగా కాక దారి చూపేదిగా రావాలి. జకాత్, సదఖా నిధులలో వైద్య సహాయానికి అర్హులైన పేద కుటుంబాలు ఎవరో మన ఉలమాను అడిగి ఒక పద్ధతి ఏర్పాటు చేయాలి. వైద్యం చేయించుకుని తిరిగి వచ్చిన కుర్రవాడికి పని చూపించాలి. మానివేసి వచ్చినవాడికి సఫ్‌లో చోటు ఇచ్చి, షాపులో పని ఇవ్వకపోతే, అతనికి పాత స్నేహితులే దిక్కవుతారు.

సోదర సోదరీమణులారా! ఒకవైపు అంగడి మన పిల్లల్ని వినియోగదారులుగా లెక్కిస్తున్నది. మరోవైపు చెరసాల వారిని సంఖ్యలుగా లెక్కిస్తున్నది. వారు మన దగ్గర అమానత్‌గా ఉన్న బిడ్డలు. ఆ అమానత్ గురించి రేపు ప్రశ్నించబడేది మనమే. అమ్మేవాడి విషయంలో కఠినంగా, పడిపోయినవాడి విషయంలో కరుణతో ఉండే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ, మన పాలకులకూ ప్రసాదించుగాక. ఆమీన్.